గోదారి దిక్కు ముల్లు

మొన్న మా అన్నయ్య కొడుకు ఊళ్ళో పొగాకు కాల్చే పాత బ్యారన్ పడగొట్టిస్తూ, అందులో తనకు పేరు తెలియని వస్తువులన్నిటినీ ఒక బియ్యం సంచిలో వేసుకుని ఖమ్మంలో మా ఇంటికి మోసుకొచ్చాడు. పేరు తెలియని వస్తువంటే అది అత్త వయసుదై ఉంటుందని వాడి నమ్మకం. హాల్లో పేపరు పరిచి ఒక్కొక్కటే తీశాడు. ఎద్దు మెడ గంట, మూతలేని కిరసనాయిలు స్టవ్వు, ఎలుకలు సగం వరకు శ్రద్ధగా చదివిన నా పదో తరగతి నోట్సు. అన్నిటికీ పేర్లు చెప్పాను. పేరుకొక కథ, కథకు రెండేసి తోకలు తగిలించి మరీ చెప్పాను. ఆఖరికి గోధుమరంగు పెట్టె ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టాడు. చెప్పుల డబ్బాలో సగం ఉంటుంది. ముందు గుండ్రటి అద్దం, దాని చుట్టూ నాలుగు దిక్కులకు నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో తిప్పే మర. "ఇదేంటత్తా, ఫ్యాను రెగ్యులేటరా?" అన్నాడు. నోరు తెరిస్తే మూయని అత్త ఒక్క ముక్క మాట్లాడకపోయేసరికి వాడికి భయం వేసినట్టుంది, లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు. తాగాను. ఆ మర మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. దాని తీగ ఎప్పుడో తెగిందనీ, తీగ చివర ఉండాల్సింది ఎప్పుడో పోయిందనీ నాకు తెలుసు. అయినా తిప్పితే ఎక్కడో ఏదో తిరుగుతుందనిపించింది.

మా ఊరు భద్రాచలం వెళ్ళే దారిలో, గోదారికి ఇవతలి ఒడ్డున. మూడువైపులా అడవి, నాలుగోవైపు నీళ్ళు. మా వాళ్ళు కృష్ణా ఒడ్డున ఉన్న పొలం చెక్క అమ్ముకుని, పొగాకు వేద్దామని నేను పుట్టకముందే ఇక్కడికి వచ్చారు. అక్కడి మట్టినీ యాసనూ బండి కట్టుకుని తెచ్చుకున్నారు గానీ, అక్కడి గర్వం మాత్రం బండిలో పట్టక నాన్న నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చాడని అమ్మ అంటుండేది. ఇల్లు మిట్ట మీద. కాలేటప్పుడు ఆకు వాసన ఇంటిని ఎంతగా పట్టుకునేదంటే, మా ఇంటి పెరుగు తింటే చుట్ట తాగినట్టుండేదని చుట్టాలు రెండో పూటకు ఆగేవారు కాదు. నాన్న లేవగానే ట్రాన్సిస్టర్‌ను తువ్వాలుతో తుడిచి, తోలు సంచిలో పెట్టి, లేగదూడను ఎత్తుకున్నట్టు చంకన పెట్టుకునేవాడు. పొలంలో అది గట్టు మీద, స్నానానికి వెళ్తే అది గోడ మీద. వ్యవసాయ కార్యక్రమంలో ఎవరైనా వరి గురించి తప్పు చెబితే మా నాన్న దానికి సమాధానం చెప్పేవాడు. అవతలివాడు వినిపించుకోకుండా పోతుంటే అతని పెంకితనానికి ఆశ్చర్యపోయేవాడు. ఆ రేడియో చెప్పే మాటల్లో ఒకటి మాత్రం ఆయన ఎదురు చెప్పకుండా వినేవాడు. వానాకాలంలో, వార్తల తర్వాత, భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం. అప్పుడు ఇంట్లో గరిట చప్పుడు కూడా ఆగాలి.

టీవీ వచ్చింది మాత్రం మా బాబాయి వల్ల. ఆయన ఓడలో కరెంటు పనిచేసేవాడు. రెండేళ్ళకొకసారి ఊడిపడి, మేము అడగని వస్తువులు ఇచ్చి, మేము నమ్మని సంగతులు చెప్పి వెళ్ళేవాడు. మా బంధుమిత్రుల్లో నాకన్నా ఎక్కువ కోతలు కోయగలిగిన మనిషి ఆయనొక్కడే. టీవీ తెచ్చినంత తేలిక కాదు బొమ్మ తేవడం. తెలుగు కావాలంటే బెజవాడ వైపు, అంటే ఆగ్నేయం. హిందీ చాలనుకుంటే కొత్తగూడెం వైపు, అంటే నైరుతి. బోరు పైపు నిలబెట్టి దాని మీద ఏంటెన్నా కట్టారు. ఆ పైపు నలభై అడుగులని నాన్న, అరవై అని బాబాయి. దాని కొస మీద మేఘాలు తట్టుకుని చిరుగుతాయని బళ్ళో నేను. చానలు మారాలంటే ఒకరు మేడెక్కి పైపును కౌగలించుకుని తిప్పాలి. కింద నుంచి "తిప్పావా?" అని ఒకరు, పైనుంచి "వచ్చిందా?" అని ఇంకొకరు. "వచ్చింది, వచ్చింది... పోయింది!" అని అమ్మ అరిస్తే, దారిన పోయే ముసలాయన ఒకాయన చెప్పులు విప్పి లోపలికొచ్చి, పోయింది ఎవరమ్మా, ఎన్నాళ్ళనుంచి మంచాన ఉన్నారు అని పరామర్శించాడు కూడా.

ఈ బాధ చూసి బాబాయి మరుసటి రాకలో ఏదో రేవులో పాత సామాను కుప్పలోంచి ఏరి ఒక మోటారు తెచ్చాడు. కొబ్బరిబోండమంత అల్యూమినియం బుర్ర, ఎన్ని వానలకు తడిసిందో మచ్చలు పడి ఉంది. దాన్ని పైపు కొసన బిగించి, దానిపైన ఏంటెన్నా కట్టి, బుర్రలోంచి ఐదు పోగుల తీగ హాల్లోకి లాగి ఈ గోధుమరంగు పెట్టెకు కలిపాడు. మర ఏ దిక్కుకు తిప్పితే పైన ఏంటెన్నా ఆ దిక్కుకు తిరుగుతుంది. మెల్లగా, టక్ టక్ మని, కొత్త పెళ్ళికూతురు పీటల మీదికి నడిచినట్టు. ఆ టక్కుటక్కుకు మా ఇంట్లో దీపాలు కూడా ఊపిరి తీసుకునేవి. మొదటిరోజు చూడటానికి ఎంతమంది వచ్చారంటే మేడ కూలుతుందని అమ్మ సగం మందిని మెట్ల మీదే ఆపింది. కుర్చీలోంచి లేవకుండా బెజవాడకు పోయిరాగలిగిన రైతు జిల్లాలో తానొక్కడేనని నాన్న ఓ వారం రోజులు నేల మీద నడవలేదు.

అందులో ఒక చిక్కుంది. ఆ మోటారు అన్ని దిక్కులకూ తిరుగుతుంది గానీ దక్షిణం దగ్గర అడ్డం ఉంది. అక్కడ దాటదు, వెనక్కి రావాల్సిందే. తీగ మెలిపడకుండా అలా పెట్టారని బాబాయి చెప్పాడు. దానివల్ల నైరుతిలో ఉన్న కొత్తగూడెం నుంచి ఆగ్నేయంలో ఉన్న బెజవాడకు రావాలంటే పక్కనే ఉన్నా అడ్డంగా రాలేదు. పడమర తిరిగి, ఉత్తరాన గోదారి మీదుగా, తూర్పు చుట్టి రావాలి. దాదాపు నిమిషం. "దక్షిణం యముడి దిక్కురా, బుద్ధున్న మోటారు, అటు మొహం పెట్టదు" అని నాన్న నవ్వేవాడు. మా ఊళ్ళో యముడు ఉత్తరాన ఉండేవాడని తెలిసీ నవ్వేవాడు.

ఇంటికి తూర్పున వాగు. వాగు అవతల గూడెం, పాతిక ముప్పై ఇళ్ళు. గూడెం వెనక చిన్న పల్లం, పల్లం దాటితే గుట్ట. గూడెం వాళ్ళు వాళ్ళ చెక్కలు వాళ్ళు చేసుకుంటూ, పొగాకు రోజుల్లో మా బ్యారన్‌కు ఆకు కట్టడానికి వచ్చేవారు. వాళ్ళందరికీ పెద్దది కన్నమ్మ. వయసు ఎంతో ఆమెకు తెలియదు. గోదారి కన్నా రెండేళ్ళు చిన్నదై ఉంటుందని నా లెక్క. విస్తరాకులు కుట్టి తెచ్చేది, చింతపండు తెచ్చేది, మా అమ్మ వంట రుచి చూసి తల అడ్డంగా ఊపి పోయేది. ఎవరినీ మీరు అనేది కాదు. నాన్నను "అయ్యా, నువ్వు" అనేది. తహసీల్దారు వస్తే ఆయన్ని కూడా "ఏమయ్యా, నువ్వు గింత సన్నగున్నవ్, ఇంట్ల తిండి పెడ్తలేరా?" అని అడిగింది. మొదటిసారి ఏంటెన్నా తిరగడం చూసి ఆమె వాకిట్లో నిలబడి చేత్తో ఎండకు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఏందయ్యా అది, చేపను తిని ముల్లును మీద వెట్టినవ్?" అంది. ఆ మాట ఎలా అంటుకుందో, ఆ తర్వాత ఏంటెన్నా అన్నవాడు లేడు. మా ఇంట్లో కూడా ముల్లే.

గడియారానికి ఉండేదీ ముల్లే కదా. గూడెంలో గడియారం లేదు. పైగా మా ముల్లు చెట్ల మీదుగా వాళ్ళ వాకిళ్ళకు చక్కగా కనపడేది. ముల్లు కొత్తగూడెం దిక్కున ఉంటే పనివేళ. బెజవాడకు తిరిగిందంటే పొద్దు వాలింది, పొయ్యి అంటించాలి. ఆదివారం అది ముందుగానే తిరిగితే సినిమా, ఓపిక ఉన్నవాళ్ళు వాగు దాటి మా వసారాలోకి వచ్చి కూర్చునేవారు. ఒకసారి నాన్న హిందీ వార్తల మీద అలిగి మధ్యాహ్నమే ముల్లు బెజవాడకు తిప్పితే, బ్యారన్‌లో ఆకు కడుతున్న కన్నమ్మ కొడుకు ముత్తయ్య చేతులు దులుపుకుని ఇంటికి బయల్దేరాడు. "ఏంరా, ఇంకా ఎండ నడినెత్తినుంది?" అని నాన్న అడిగితే, "నాకేం ఎరుక అయ్యా, నీ ముల్లే జెప్పింది" అని పోయాడు. దానికి అందరం నవ్వాం. ఓ ముల్లు చూసుకుని పాతిక కుటుంబాలు లేస్తున్నాయీ కూర్చుంటున్నాయీ అంటే, అది నవ్వవలసిన విషయం కాదని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

మా వైపు గోదారి ఎదురుగా వచ్చి ముంచదు. అలా వస్తే మర్యాదస్తురాలే. పైన ఎక్కడో, మేము పేరు కూడా వినని కొండల్లో వాన కురుస్తుంది. ఇక్కడ ఎండ కాస్తూ ఉంటుంది. గోదారి నిండి, వాగు నోరు మూస్తుంది. లోపలికి పోయే దారిలేక వాగు వెనక్కి పారడం మొదలుపెడుతుంది. ఉదయం ఉత్తరానికి పోయిన పుల్ల మధ్యాహ్నం దక్షిణానికి తిరిగి వస్తుంది. చప్పుడు ఉండదు. ఆ వెనక్కి పారే నీళ్ళు గూడెం ముంగిట్లోకి రావు. చుట్టూ తిరిగి ముందు ఆ పల్లంలోకి వస్తాయి, గూడేనికీ గుట్టకూ మధ్య. ముందు వాకిలి పొడిగా, కోళ్ళు గింజలు ఏరుకుంటూ ఉండగానే, వెనక పారిపోయే దారి మునిగిపోయి ఉంటుంది. అందుకే నీళ్ళను చూసి కదిలితే ఆలస్యం. రేడియో మాటకు కదలాలి. రేడియో మా ఇంట్లో ఉంది, మధ్యలో వాగు ఉంది.

దానికి ఉపాయం చెప్పింది కన్నమ్మే. ఒక తొలకరిలో విస్తరాకుల కట్ట దించి, మెట్టు మీద కూర్చుని అడిగింది. "అయ్యా, గోదారి దిక్కు సూస్తే నీ పెట్టెల ఏమొస్తది?"

"ఏమీ రాదు కన్నమ్మా. అటు అడవేగా. వట్టి ఈగల మోతే."

"అంటే నువ్వు ఎన్నడూ ముల్లు అటు వెట్టి ఆపవ్."

"ఎందుకాపుతాను?"

"అయితే ఇను. రేడియో చెడ్డమాట చెప్పిననాడు ముల్లు గోదారి దిక్కు వెట్టి ఆపు. తిరుక్కుంట పోతె మాకేం లేదు. ఆగిందంటే గుట్టెక్కుతం. మళ్ళ అది బెజవాడకు మర్లితే దిగొస్తం. అంతె."

"అంతేనా?"

"మరింకేంది? సంతకం వెట్టాల్నా?"

ఒప్పందం అయిపోయింది. ఆ ఏడు ఒకసారి నాన్న ముల్లు ఉత్తరానికి తిప్పి ఆపాడు. గంటలో గూడెం మొత్తం మేకలతో, మూటలతో గుట్ట మీద ఉంది. సాయంత్రానికి పల్లంలో రెండు నిలువుల నీళ్ళు. మూడోనాడు ముల్లు మళ్ళీ బెజవాడకు తిరిగింది, దిగొచ్చారు. ఒక్క కోడిపిల్ల పోలేదు. నాన్న ఆ గోధుమరంగు పెట్టెను అంతకుముందు తువ్వాలుతో తుడిచేవాడు, అప్పట్నుంచి పసుపు బొట్టు పెట్టడం మొదలుపెట్టాడు. నాకు ముందుగానే చెప్పాడు, అమ్మకూ చెప్పాడు: ముల్లు అటు ఉన్నప్పుడు పెట్టె మీద చెయ్యి పడటానికి వీల్లేదు, ప్రళయం వచ్చినా సరే. నాకు బాగా తెలుసు. తెలియక చేశానని రాసుకోవడానికి ఎన్నోసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

ఆ తర్వాతి ఏడు శ్రావణంలో ఒక ఆదివారం. నాకు పదహారు. ఆకాశం కడిగిన కంచంలా ఉంది, చినుకు లేదు. మధ్యాహ్నం రేడియో రెండో ప్రమాద హెచ్చరిక చెప్పి, పైనుంచి ఇంకా వస్తోందని చెప్పింది. నాన్న మర తిప్పాడు. టక్ టక్ మంటూ ముల్లు గోదారి వైపు వచ్చి ఆగింది. మేడ మీద నుంచి చూస్తుంటే గూడెం గుట్ట మీదికి కదిలింది. నాన్న ఒడ్డున ఉన్న ఆయిలింజను పైకి లాగించడానికి మనుషులతో పొలం వెళ్ళాడు. అమ్మ గొడ్ల దగ్గర ఉంది, అన్నయ్య చదువుకోసం ఖమ్మం హాస్టల్లో ఉన్నాడు. హాల్లో నేనూ టీవీ.

ఆ సాయంత్రం సినిమా కోసం నేను నెల రోజులుగా బతుకుతున్నాను. బళ్ళో మా జట్టులో అది చూడనిది నేనొక్కదాన్నే. అప్పటికి నా జీవితంలో అంతకన్నా పెద్ద అన్యాయం జరగలేదని నా అభిప్రాయం. టీవీ పెట్టాను. ఈగల మోత. కిటికీలోంచి చూశాను. ఎండ, పచ్చగా, తీరిగ్గా. వరద అనే మాట ఆ ఎండలో అబద్ధంలా ఉంది. గుట్ట మీద వాళ్ళు ఈపాటికి వంటల్లో ఉంటారు, ముల్లును ఎవరు చూస్తూ కూర్చుంటారు, ఒక్క పాట చూసి తిప్పేస్తాను, అనుకున్నాను. మర తిప్పాను. టక్ టక్ టక్. ఉత్తరం నుంచి తూర్పు, తూర్పు నుంచి ఆగ్నేయం. అర నిమిషం పట్టలేదు.

బొమ్మ ఎలా వచ్చిందని! మా ఇంట్లో అంతకుముందు ఎన్నడూ అలా రాలేదు. హీరోయిన్ చెవి కమ్మ రాయి కనిపించింది. గాలి లేకుండా ఉక్కపోసిన సాయంత్రాల్లో బొమ్మ బాగా వస్తుందని నాన్న అంటుండేవాడు, ఆ రోజు అలాంటి సాయంత్రమే. ఒక పాట అయింది. రెండో పాట అయింది. ఎంతసేపో చెప్పలేను. చటుక్కున తెర మధ్యలోకి ముడుచుకుని చుక్కై ఆరిపోయింది. ఫ్యాను ఆగింది. ఒడ్డున తీగలు మునుగుతాయని కరెంటు తీసేశారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, మర తిప్పాను. టక్కు మనలేదు. ముల్లు బెజవాడ వైపు నిలబడిపోయింది.

మేడ మీదికి పరిగెత్తాను. గుట్ట మీద నుంచి గూడెం దిగివస్తోంది. నెత్తిన మూటలు, చంకన పిల్లలు, ఒకరి వెనక ఒకరు, ఏ తొందరా లేకుండా, నవ్వుకుంటూ కూడా ఉంటారు. అందరికన్నా ముందు మేకల్ని తోలుకుంటూ ఎర్రచీర కన్నమ్మ, ఆ పక్కన ముత్తయ్య. సాయంత్రం మేకల్ని దొడ్లో కట్టాలి కదా. వాగు వైపు చూశాను. నురుగు, ఆకులు, ఒక విరిగిన నిచ్చెన, అన్నీ తప్పు దిక్కుకు పోతున్నాయి. చప్పుడు లేదు. "దిగొద్దు, దిగొద్దు" అని ఎంత అరిచినా నా గొంతు పెరటి జామచెట్టు దాటలేదు. పైపును పట్టుకుని తిప్పబోయాను. మోటారు పెట్టినప్పుడే పైపును కదలకుండా సిమెంటుతో బిగించేశారు, పైన మోటారు పళ్ళు కరెంటు లేనిదే కదలవు. ఇంతలో అమ్మ కేకకు నాన్న వచ్చాడు. పొలంలో నుంచి పరిగెత్తి వచ్చాడు, మోకాళ్ళ దాకా బురద. గడ్డపార తీసుకుని నిచ్చెన ఎక్కి, పైపు కొసకు పాకి, ఆ అల్యూమినియం బుర్ర పట్టీ మీద కొట్టాడు. ఎన్ని దెబ్బలో. పట్టీ ఊడింది. ఏంటెన్నాను రెండు చేతులా వాటేసుకుని గోదారి వైపు తిప్పాడు. దాన్ని బిగించేది ఏమీ లేదు, వదిలితే జారిపోతుంది. అలాగే పట్టుకుని వేలాడాడు. పొద్దుకూకి అవతలివాళ్ళకు ఏమీ కనపడని చీకటి పడేదాకా దిగలేదు.

వరస సగం దారిలో ఆగడం నేను చూశాను. ఎవరో చెయ్యి ఎత్తి మా వైపు చూపించారు. వెనక్కి తిరిగి ఎక్కడం మొదలుపెట్టారు. ముందున్న ఇద్దరు మాత్రం అప్పటికే చెట్ల కిందికి దిగిపోయారు, వాళ్ళకు ముల్లు కనపడదు. ఆ ఇద్దరూ గూడెం చేరేసరికి వెనక పల్లం నిండింది. ఇప్పచెట్టు ఎక్కి కూర్చున్నారు. మర్నాడు మధ్యాహ్నం నాటుపడవ వెళ్ళి తెచ్చేదాకా తల్లీకొడుకులు ఆ కొమ్మ మీదే ఉన్నారు. మేకలు పోయాయి. అన్నీ.

నీళ్ళు తీశాక కన్నమ్మ వచ్చింది. విస్తరాకులు తేలేదు. వాకిట్లో నిలబడింది. వసారాలో నాన్న, అమ్మ, స్తంభం చాటున నేను. నాన్న అరచేతులకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. ఆమె నాన్న వైపు చూడలేదు, నన్నే అడిగింది.

"ముల్లు ఎందుకు మర్లింది బిడ్డా?"

"గాలికి అవ్వా" అన్నాను. ఆ మాట నా నోట్లో ఎప్పట్నుంచి సిద్ధంగా ఉందో. "గాలికి తిరిగిపోయింది."

నాన్న నా వైపు చూశాడు. ఎనభై మైళ్ళ అవతలి బొమ్మ కోసం నాలుగేళ్ళుగా గాలితో కుస్తీ పట్టిన మనిషి. ఆ మోటారు గాలికి తిరిగేది కాదని, తన చేతులకే తిరగలేదని ఆయనకన్నా తెలిసినవాళ్ళు లేరు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండును.

"గాలే కన్నమ్మా" అన్నాడు. "పట్టీ వదులైంది. ఈసారి గట్టిగా వెల్డింగ్ పెట్టిస్తా."

"గాలా" అంది కన్నమ్మ. పెరట్లో టేకుచెట్ల వైపు ఒకసారి చూసింది. "మంచిది అయ్యా." వెళ్ళిపోయింది.

నాన్న మాట తప్పలేదు. భద్రాచలం నుంచి మనిషిని పిలిపించి కొత్త పైపు వేయించాడు, ఈసారి చేత్తో తిప్పి బిగించేది. మరుసటి ఏడు వాన త్వరగా వచ్చింది. పొద్దున్నే రేడియో చెప్పింది, నాన్న మేడెక్కి ముల్లును గోదారి దిక్కు పెట్టాడు. గూడెంలో ఎవరూ కదల్లేదు. చేతికి తగిలేంత ఎండ, పొయ్యిల పొగ లేస్తోంది. నాన్న కంచం మీద గరిటతో కొట్టాడు. తువ్వాలు ఊపాడు. దీపావళికి మిగిలిన బాంబులు తెచ్చి కాల్చాడు. ముత్తయ్య వాకిట్లోకి వచ్చి, చెయ్యి ఎండకు అడ్డం పెట్టుకుని మా మేడ వైపు చూసి, లోపలికి పోయాడు. మనిషిని పంపుదామంటే అప్పటికే వాగు వెనక్కి పారుతోంది. ఆ ఏడు గూడెం వాళ్ళు ఇళ్ళ కప్పులెక్కీ చెట్లెక్కీ బతికారు. కన్నమ్మ ఒక్కతే ఈసారి చెట్టెక్కలేకపోయింది. దొరికింది కూడా చాలా కిందుగా, నాలుగు రోజుల తర్వాత.

నేను తర్వాత చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, మనుషుల్ని నవ్వించేవి రాసి పేరు కూడా తెచ్చుకున్నాను. ఏ విషయమైనా సరే రెండింతలు చేసి రాసే నాకు దీన్ని ఎంత చేసి రాయాలో తెలియలేదు, అందుకని రాయలేదు. ఇప్పుడు వరదొస్తే అందరి ఫోన్లూ ఒకేసారి మోగుతాయి. ఆ మోత ఎక్కడినుంచి వస్తుందో, ఎవరు పంపుతారో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా లేచి కదులుతారు. మా ముల్లు అలా కాదు. అది ఎవరి ఇంటిదో, ఆ ఇంట్లో ఎవరుంటారో, వాళ్ళు ఏం తింటారో గూడేనికి తెలుసు. అది చూసి పిల్లల్ని ఎత్తుకుని కదిలేవారు.

అన్నయ్య కొడుకు వెళ్ళాక నాలుగు రోజులు ఆగి నేనే బస్సెక్కాను. గూడెం ఇప్పుడు అక్కడ లేదు, గుట్టకు ఇవతల మెరకన కట్టిన ఇళ్ళు. ముత్తయ్య పోయాడు. అతని కొడుకు రవి బళ్ళో పంతులు. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసి, భార్యను టీ పెట్టమని, మా ఇంటి సంగతులు అడిగాడు. నాన్న పోయి ఎన్నేళ్ళయిందని అడిగాడు. నేను వచ్చిన పని టీ రాకముందే చెప్పేయాలనుకున్నాను, వచ్చాక చల్లారేదాకా చెప్పలేదు.

"రవీ, ఆ ఏడు ముల్లు గాలికి తిరగలేదు. సినిమా కోసం నేనే తిప్పాను."

అతను గ్లాసు కింద పెట్టాడు.

"తెల్సమ్మా" అన్నాడు. "ఆ దినం గాలేది? ఒక్క ఆకు కదల్లే. చెట్టు మీద కూసున్నోళ్ళకు ఎరుకుండదా?"

"మరి ఎవరూ..."

"మా నాయన చెప్తుండె. నాయనమ్మ మీ ఇంటికెల్లి రాంగనే అందర్ని పిలిచిందట. 'పిల్ల తిప్పింది, పిల్లను ఏమనొద్దు, పిల్లలు తిప్పుతరు' అన్నదట. 'కానీ పెద్దాయన గూడ గాలే అన్నడు. ఇగ ఆ ఇంటి ముల్లు జూసి గుట్టెక్కొద్దు' అన్నదట." నా మొహం చూసి, తప్పు తనే చేసినట్టు, "టీ సల్లగైంది, ఇంకోటి పెట్టిస్త" అని లేచాడు.

ఆ రోజు గడ్డపారతో మోటారు పగలగొట్టి, అరచేతులు చీలిపోయేదాకా ముల్లును గోదారి వైపు పట్టుకుని వేలాడిన మనిషి, ఆ మరుసటి ఏడు తువ్వాలు ఊపుతూ మేడ మీద ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తుతూ, "వీళ్ళకేమైందే, వీళ్ళెందుకు కదలరే?" అని నన్నే అడిగాడు. ఆయన నా కోసం ఆడిన అబద్ధం, నాకు తెలిసి, అదొక్కటే.